శాస్త్ర నియమాల ఎల్లలు, ఈశ్వర భావన

శాస్త్ర నియమం ప్రకృతిలో పదే పదే కనబడే ఒక క్రమాన్ని చెప్పే వాక్యం. ఫలానా పరిస్థితుల్లో ఫలానా విధంగా జరుగుతుందని అది చెబుతుంది. ఆ పరిస్థితులు ఎలా కూడాయో చెప్పదు. ఆ క్రమమే ఎందుకు ఉందో, వేరొకటి ఎందుకు లేదో కూడా చెప్పదు. నియమాలకూ దేవుడికీ ఉన్న సంబంధం గురించి వెయ్యేళ్లకు పైగా సాగుతున్న వాదమంతా ఈ చెప్పని భాగం చుట్టూనే తిరిగింది. నియమం తప్పిన చోట దైవలీల ఉందన్నవారు ఉన్నారు. నియమం ఎన్నడూ తప్పకపోవడమే దైవలీల అన్నవారు ఉన్నారు. నియమం ఉన్నాక దేవుడితో పనేమిటి అన్నవారు ఉన్నారు. దేవుణ్ణి నమ్ముతూనే, ప్రకృతి క్రమాన్ని చూపి ఆయనను రుజువు చేయడం కుదరదని తేల్చిన వేదాంతులూ ఉన్నారు. 17వ శతాబ్దపు తార్కికుడు అన్నంభట్టు నుంచి విజయవాడ నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా వరకు, తెలుగువారి మధ్య ఈ వాదం నిజంగానే సాగింది.

షరతులు

లోహపు తీగ ఉష్ణోగ్రత మారనంతవరకు అందులో ప్రవహించే విద్యుత్తు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుందని ఓం నియమం చెబుతుంది. డయోడు, ట్రాన్సిస్టరు ఈ నియమానికి లొంగవు. లొంగకపోవడం వల్లనే ఎలక్ట్రానిక్స్ అనే పరిశ్రమ పుట్టింది. న్యూటన్ 1687లో చెప్పిన గురుత్వ నియమంతో గ్రహాల కదలిక దాదాపు అంతా లెక్కకు వచ్చింది. బుధుడి కక్ష్య మాత్రం శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల మేర లెక్క తప్పింది. ఆ కాస్త తేడాకు 1915లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కారణం చూపింది. అయినా ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపేవారు నేటికీ చాలా పనులకు న్యూటన్ సూత్రాలనే వాడుతున్నారు. ఎల్ల తెలిసిన నియమం వాడుకకు మరింత నమ్మదగినదవుతుంది.

షరతులకు తోడు నియమానికి ఆరంభ స్థితి కూడా కావాలి. రాయి ఎక్కణ్ణుంచి, ఎంత వేగంతో విసిరారో తెలిస్తేనే అది ఎక్కడ పడుతుందో చెప్పగలం. ఆ రాయిని అక్కణ్ణుంచే ఎందుకు విసిరారన్నది నియమంలో లేదు. కిందటి క్షణపు స్థితి నుంచి ఈ క్షణపు స్థితిని రాబట్టవచ్చు. అలా వెనక్కి వెళ్లే కొద్దీ ఆరంభ స్థితి మరింత వెనక్కి జరుగుతుందే తప్ప ప్రశ్న తీరదు.

1868 గ్రహణం

నియమం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఒకే రోజున తెలుగు నేలపై కనబడిన సందర్భం 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ ఏ ఊళ్ల మీదుగా, ఏ వేళకు పోతుందో ఖగోళజ్ఞులు ముందే లెక్కగట్టారు. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు. అదే వేధశాలలో ప్రథమ సహాయకుడైన చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. గ్రహణం లెక్క ప్రకారమే పట్టింది. గుంటూరులో, మచిలీపట్నంలో పరిశీలన సాగింది. వనపర్తిలో మబ్బు కమ్మి పనిని చెడగొట్టింది.

చంద్రుడి నీడ, వనపర్తి మబ్బు రెండూ భౌతిక నియమాలకు లోబడినవే. కాని సూర్యచంద్రుల స్థానంలో చిన్న పొరపాటు ఉంటే గ్రహణ సమయంలో చిన్న పొరపాటే వస్తుంది. వాతావరణంలో అతి చిన్న తేడా కూడా కొన్నాళ్లకు ఫలితాన్ని పూర్తిగా మార్చేస్తుంది. 19వ శతాబ్దం చివర పోంకారే మూడు గోళాల చలనాన్ని పరిశీలిస్తూ గుర్తించిన ఈ సంగతిని 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ సమీకరణాల్లో చూపించారు. ఏ రోజు ఎక్కడ వాన పడుతుందో రెండు వారాలకు మించి ముందే చెప్పడం దాదాపు అసాధ్యమని అనుకోవడం అందుకే. ఈ హద్దు కొత్త నియమం కనుక్కుంటే తీరేది కాదు. నియమం పూర్తిగా తెలిసినా, ఆరంభ స్థితిని అనంతమైన కచ్చితత్వంతో కొలవడం ఎవరివల్లా కాదు.

ఆ రోజు గుంటూరులో మరో రకం హద్దు చెరిగింది. నక్షత్రాలు ఏ పదార్థంతో అయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్ 1835లో తీర్మానించారు. జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూసి, అవి వేడితో వెలిగే వాయువులని చెప్పారు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియర్ ఆ జ్వాలల కాంతిలోని పసుపు గీతను పరిశీలించగా, అది భూమి మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకానిదన్న అభిప్రాయం ఏర్పడింది. అదే హీలియం. 1895లో రామ్‌సే దానిని భూమి మీది ఖనిజంలోనే పట్టుకున్నారు. శాస్త్రం ఎప్పటికీ దాటలేదని ఎవరైనా గీసిన గీతను నమ్మే ముందు కోంట్ గతిని గుర్తు చేసుకోవాలి. ఇప్పటికి తెలియనిది ఒకటి, తెలుసుకోవడానికి వీలే లేనిది ఇంకొకటి. దేవుడి గురించిన వాదాల్లో జరిగిన గందరగోళంలో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చినదే.

కాప్రా పరిసరాల్లో అణువు

సికింద్రాబాద్‌కు ఈశాన్యంగా ఉన్న కాప్రా ఒకప్పుడు చెరువు కింద బతికిన ఊరు.  దాని పరిసరాల్లో అణుశక్తి శాఖ సంస్థలు రెండున్నాయి. ఒకటి 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, జనం నోట ఈసీఐఎల్. దీన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరిట వెలసిన కాలనీయే. రెండోది 1971లో నెలకొన్న అణు ఇంధన సంస్థ, ఎన్ఎఫ్‌సీ. కడప జిల్లా తుమ్మలపల్లె, జార్ఖండ్ గనుల నుంచి వచ్చిన యురేనియాన్ని శుద్ధి చేసి, చిన్న బిళ్లలుగా అద్ది, కొలిమిలో గట్టిపరచి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో కూర్చి, రియాక్టర్లకు ఇక్కణ్ణుంచి పంపుతారు. రేడియో ధార్మికతను కొలిచే పరికరాలను ఈసీఐఎల్ తయారు చేస్తుంది.

నియమానికి ఉండే ఎల్లల్లో అన్నింటికంటే లోతైనది ఈ పని మధ్యనే కనబడుతుంది. యురేనియం-238 అర్ధాయుష్షు సుమారు 447 కోట్ల సంవత్సరాలు. ఒక గ్రాములో సెకనుకు దాదాపు 12,400 కేంద్రకాలు విచ్ఛిన్నమవుతాయి. ఒక సెకను కొలిస్తే నూరో నూట పదో ఎక్కువ రావచ్చు, ఇంకో సెకను అంతే తక్కువ రావచ్చు. ఆ ఎగుడుదిగుడు ఎంత ఉండాలో కూడా సంభావ్యతా సూత్రం చెబుతుంది, కొలత దానికి సరిపోతుంది. కాని పక్కపక్కనే ఉన్న రెండు కేంద్రకాల్లో ఒకటి ఈ క్షణాన విరిగి, రెండోది వంద కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఎందుకుంటుందో ఏ నియమమూ చెప్పదు. ఆ రెంటికీ లోపల ఏ తేడా లేదు. క్వాంటం సిద్ధాంతానికి ప్రామాణికంగా చెప్పే వ్యాఖ్యానం ప్రకారం చెప్పడానికి అక్కడ దాగిన కారణమంటూ ఏమీ లేదు. దాగిన కారణాలు ఉన్నాయనుకునేవారు వాటిని స్థలదూరంతో నిమిత్తం లేకుండా పనిచేసేవిగా ఊహించక తప్పదని 1964లో జాన్ బెల్ చూపిన గణితం, తర్వాతి ప్రయోగాలు సూచిస్తున్నాయి.

దేవుడి చేయి ఇక్కడ ఉందని చెప్పినవారున్నారు. అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు, ఆంగ్లికన్ పూజారి విలియం పొలార్డ్ 1958లో ఈ వాదన చేశారు: నియమం ఖాళీ వదిలిన చోట నియమాన్ని భంగపరచకుండానే దైవం నిర్ణయం తీసుకోవచ్చునని. తర్కానికి ఇందులో విరోధం లేదు. కాని విరిగే కేంద్రకాల వరుస సంభావ్యతా సూత్రానికి ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు సరిపోతున్నంతకాలం, నిర్ణయించేవాడు ఉన్న లోకానికీ లేని లోకానికీ కొలతలో తేడా కనబడదు. కొలతలో కనబడనిదాన్ని కొలత రుజువు చేసిందని చెప్పకూడదు, కొట్టేసిందనీ చెప్పకూడదు.

కొలతకు ఉన్న హద్దును కచ్చితమైన సూత్రంగా చెప్పిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణరావు. సీఆర్ రావుగా ప్రసిద్ధుడైన ఆయన 1945లో నిరూపించిన అసమానత, దత్తాంశం ఎంత ఉందో చూసి దాని నుంచి ఒక రాశిని అంతకంటే కచ్చితంగా అంచనా వేయడం ఏ నిష్పాక్షిక పద్ధతికీ సాధ్యం కాదని తేలుస్తుంది. స్వీడన్‌కు చెందిన క్రామర్ పేరును కలిపి దానిని క్రామర్-రావు హద్దు అంటారు. 1931లో గోడెల్ నిరూపించిన సిద్ధాంతాన్ని కూడా ఈ వరుసలో తరచు చెబుతుంటారు. కనీసం అంకగణితం ఇమిడిన, విరోధం లేని ఏ సూత్రవ్యవస్థలోనైనా నిరూపించలేని, కాదనలేని వాక్యాలు ఉంటాయని అది చెబుతుంది. గణిత వ్యవస్థల గురించిన ఆ ఫలితాన్ని దైవానికి రుజువుగా ప్రచారం చేయడం సరి కాదు.

అన్నంభట్టు: వ్యాప్తి, ఉపాధి

నియమానికి ఎల్ల ఉంటుందన్న ఆలోచనను భారతీయ తర్కం చాలా ముందే సాన పట్టింది. న్యాయశాస్త్రానికి వాకిలిగా దేశమంతటా చదివే ‘తర్కసంగ్రహం’, దానిపై ‘దీపిక’ రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. కృష్ణా తీరంలోని గరికపాడు వాడని చెబుతారు. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందన్న తప్పని సాహచర్యాన్ని తార్కికులు వ్యాప్తి అంటారు. దీన్ని తిరగేసి నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. వాక్యంలో చెప్పకుండా దాగిన ఈ షరతుకు ఉపాధి అని పేరు. నియమం తప్పిందనిపించిన చోట ఉపాధిని వెతకాలి. బుధుడి కక్ష్య విషయంలో ఖగోళజ్ఞులు చేసినది అదే.

ఈ తర్కంతోనే న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులు ఈశ్వరుణ్ణి నిరూపించబోయారు. కుండ కార్యం, దానికి కుమ్మరి ఉన్నాడు. నేల, మొలక కూడా కార్యాలే, కాబట్టి వాటికీ కర్త ఉండాలి. ఆ కర్తకు సమస్తం తెలిసి ఉండాలి, కాబట్టి అతడు ఈశ్వరుడు. 10వ శతాబ్దంలో ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’ అంతటా పరచిన వాదాన్ని దీపిక ఒక్క అనుమాన వాక్యంలో అందిస్తుంది. ప్రతిపక్షం వారు నైయాయికుల ఆయుధాన్నే వారిపైకి తిప్పారు: కర్త చేసినవన్నీ ఒళ్లున్న కర్త చేసినవే, కాబట్టి శరీరం అన్నది ఇక్కడ దాగిన ఉపాధి, మొలకను శరీరమున్నవాడు ఎవడూ చేయలేదు, అందువల్ల వ్యాప్తి మొలక దాకా చేరదు. నైయాయికులు దీనికి బదులు చెప్పారు, ఆ బదులుకు మళ్లీ ఆక్షేపణ వచ్చింది. లోకంలోని వస్తువుల మధ్య గమనించిన నియమాన్ని లోకం మొత్తానికి వర్తింపజేయవచ్చా అన్న ప్రశ్న ఆనాడే ఇంత పదునుగా ముందుకు వచ్చింది.

భౌతికవాదులైన చార్వాకులు ఇంకా కిందికి తవ్వారు. గతంలో, భవిష్యత్తులో, కంటికి దూరంగా ఉన్న పొగలన్నింటినీ ఎవరు చూశారు? చూడకుండా ‘ఎల్లప్పుడూ’ అని ఎలా అంటారు? స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో ఇదే ప్రశ్న వేశారు. ఉదయనుడి జవాబు ఆచరణ వైపు నుంచి వచ్చింది: పొగ కోసం నిప్పు రాజేసేవాడు, ఆకలికి అన్నం తినేవాడు ఆ సంబంధాన్ని నిజంగా శంకించడం లేదు, చేసే పనికే అడ్డు తగిలే చోట శంక ఆగిపోతుంది. నియమం సర్వకాలాలకూ చెల్లుతుందనడానికి శాస్త్రం నేటికీ ఇంతకంటే గట్టి పూచీ ఇవ్వలేదు.

ఈశ్వరుణ్ణి ఒప్పుకోవడానికి కుమ్మరి వాదం తప్పనిసరి కాదు. శంకరుడు బ్రహ్మాన్ని శ్రుతి వల్లనే తెలుసుకోగలమన్నాడు. రామానుజుడు శ్రీభాష్యంలో ఈశ్వరానుమానాన్ని వివరంగా ఖండించి, దేవుడికి శాస్త్రమే, అంటే వేదమే, ప్రమాణమన్నాడు. తెలుగునాట గుళ్లలో మతాచారాన్ని తీర్చిదిద్దిన సంప్రదాయం ఒకటి దేవుడి ఉనికికి ప్రకృతి నియమాల సాక్ష్యాన్నే తోసిపుచ్చిందన్నది చాలామంది భక్తులకు తెలియని సంగతి. మరో పక్క వేదాన్ని ప్రమాణంగా పట్టుకున్న మీమాంసకులు సృష్టికర్తను కాదన్నారు. లోకం ఎప్పుడూ ఇలాగే ఉంది, సృష్టి ప్రళయాలే లేవు, అలాంటప్పుడు కర్త దేనికన్నది 7వ శతాబ్దపు కుమారిల భట్టు వాదన. నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు ‘మూలమధ్యమక కారిక’లో మొదటి ప్రకరణాన్నే కారణ పరీక్షకు ఇచ్చాడు. వస్తువులకు సొంత స్వభావం లేదు, అన్నీ ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి పుడుతున్నాయన్నాడు. ఈ దృష్టిలో నియమం సంబంధమే. దాని వెనక నియామకుడికి చోటు లేదు.

ఇస్లామీయ చింతనలో ఇదే ప్రశ్న మరో రూపం తీసుకుంది. నిప్పు తగిలితే దూది కాలడం నిప్పు గుణం కాదు, ప్రతిసారీ అల్లాయే కాలుస్తున్నాడని, మనం నియమమనుకునేది ఆయన అలవాటు మాత్రమేనని అల్ గజాలీ వాదించాడు. కారణాలను కాదంటే జ్ఞానాన్నే కాదన్నట్టని ఇబ్న్ రుష్ద్ ఎదురు చెప్పాడు. ఈ సంప్రదాయపు అరబ్బీ గ్రంథాలను వెలుగులోకి తెచ్చిన సంస్థల్లో 1888లో హైదరాబాద్‌లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ ముఖ్యమైనది. అల్ బిరూనీ ఖగోళ మహాగ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని 1950లలో ఆ సంస్థే అచ్చువేసింది.

సందుల్లో దేవుడు

యూరప్‌లో నియమాలకు, దేవుడికి మధ్య పొత్తు కలిపిన న్యూటనే ఒక ప్రమాదానికి తలుపు తీశారు. గ్రహాల పరస్పర ఆకర్షణ వల్ల సౌరవ్యవస్థ క్రమంగా చెదిరిపోవచ్చని, అప్పుడప్పుడు దేవుడు దాన్ని సరిచేయాల్సి ఉంటుందని ఆయన భావించారు. తన పనికి మాటిమాటికీ మరమ్మతు అవసరమైన దేవుడు ఏం నిపుణుడని లైబ్నిజ్ 1715లో ఆక్షేపించారు. 1780లలో లాప్లాస్ గురు, శని గ్రహాల చలనంలోని ఎడతెగని మార్పు నిజానికి సుమారు 900 ఏళ్లకు ఒకసారి తిరిగివచ్చే ఊగిసలాట అని తేల్చడంతో ఆ మరమ్మతు అవసరం లేకపోయింది. దేవుణ్ణి నియమంలోని సందులో నిలబెడితే, సందు పూడిన రోజున ఆయనకు నిలువ నీడ ఉండదు. 1894లో ఈ ధోరణిని తప్పుపట్టిన హెన్రీ డ్రమ్మండ్, 1944లో నాజీ చెర నుంచి రాసిన ఉత్తరాల్లో దీన్నే విమర్శించిన బోన్హోఫర్ ఇద్దరూ క్రైస్తవ విశ్వాసులే.

తెలుగుదేశంలో ఈ సందుల దేవుణ్ణి ముందుగా వదిలినవారు బ్రహ్మసమాజికులు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఏకేశ్వరవాదాన్ని బోధించారు. ఆ మతంలో విగ్రహానికి, మహిమకు, అవతారానికి తావు లేదు. ప్రకృతి నియమం ఈశ్వర సంకల్పమే కాబట్టి దాన్ని తప్పించుకునే ప్రార్థనా లేదు. అదే కాకినాడలో వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, నాస్తిక భావాల కారణంగా 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. గ్రహణం మొర్రి భయాన్ని పోగొట్టడానికి ఆయన భార్య సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణ వేళ బయట తిరిగారు. ఊళ్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ ఒక్క పనికి సాటి రావు. నియమాలు దేవుణ్ణి కాదన్నాయన్న వాదం మీద గోరా పెద్దగా ఆధారపడలేదు. దేవుడున్నాడనుకుంటే మనిషి తన పనికి తాను బాధ్యత వహించడని, స్వేచ్ఛను వదులుకుంటాడని ఆయన అసలు వాదన. ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’లో ఆయన రాసిన సేవాగ్రామ్ సంభాషణలు ఈ నైతిక ప్రశ్న చుట్టూనే నడుస్తాయి.

మహిమలు

నియమాన్ని దాటిన ఘటన జరిగిందనే మాట అన్నింటికంటే సూటిగా పరీక్షకు నిలిచే మాట. ఈశ్వరుడు లోకానికి ఆధారమన్న మాటను కొలిచే పరికరం లేదు. ఫలానా రోజున ఫలానా చోట వస్తువు గాల్లోంచి వచ్చిందన్న మాటను పరీక్షించవచ్చు, పరీక్షించాలి. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్తకు జనం గుళ్ల ముందు బారులు తీరారు. చెంచా అంచున తలతన్యత వల్ల పాలు రాతి మీదికి పలచటి పొరగా జారుతున్నాయని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపించారు. పీర్ల పండుగకు అలాయి గుండంలో, వీరభద్రుడి ఉత్సవాల్లో నిప్పులు తొక్కేవారి కాళ్లు కాలకపోవడానికి కూడా కారణం తెలుసు: బూడిద పట్టిన బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది, అడుగు దానిపై ఆనేది క్షణకాలమే. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఇలాంటివి ఊరూరా చేసి చూపించారు. నిప్పుల మీద నడిచే భక్తుడి ధైర్యాన్ని, మొక్కును ఈ వివరణ తక్కువ చేయదు. అందులో అతీత శక్తికి సాక్ష్యం లేదని మాత్రమే అది చెబుతుంది.

ఈ విషయంలో అందరికంటే ఆలోచింపజేసే ఉదాహరణ సూరి భగవంతం. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చి, సీవీ రామన్ వద్ద పనిచేసి, స్ఫటికాల సౌష్ఠవంపై పేరు గడించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసిన భౌతిక శాస్త్రజ్ఞుడాయన. పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తుడై ప్రసంగాలను అనువదించారు. తాను కళ్లారా చూసిన కొన్ని ఘటనలను తనకు తెలిసిన భౌతిక నియమాలు వివరించలేవని బహిరంగంగా చెప్పారు. శ్రీలంక హేతువాది అబ్రహాం కోవూరు ఆ మాటలను సవాలు చేశారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి హెచ్. నరసింహయ్య నియమించిన సంఘం నియంత్రిత పరిస్థితుల్లో మహిమలు చూపమని కోరినా బాబా అంగీకరించలేదు. సాక్షి నిజాయతీని గాని, చదువును గాని శంకించనక్కర్లేదు. కాని ప్రయోగశాలలో ఏ శాస్త్రజ్ఞుడి మాటనూ పరీక్ష లేకుండా ఒప్పుకోరు. గుడి ముంగిట ఒప్పుకోవడానికి కారణం కనబడదు. హ్యూమ్ 1748లో చెప్పిన కొలబద్ద ఇప్పటికీ పనికొస్తుంది: నియమం తప్పిందనడం కంటే సాక్షి పొరబడ్డాడనడం ఎక్కువ ఆశ్చర్యకరమైతేనే ఆ సాక్ష్యాన్ని నమ్మాలి.

న్యాయస్థానం ముందు

1976 నాటి 42వ సవరణతో రాజ్యాంగం 51ఎ అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడాన్ని పౌరుడి విధిగా చేసింది. దీనికి చాలా ముందే, 1964లో హైదరాబాద్‌లో శాస్త్రజ్ఞుడు పుష్పమిత్ర భార్గవ మరికొందరితో కలిసి శాస్త్రీయ దృక్పథ సంఘాన్ని తలపెట్టారు. జ్ఞానం మానవ ప్రయత్నం వల్లే వస్తుందని, అతీత శక్తుల ప్రమేయం లేకుండానే సమస్యలను ఎదుర్కోగలమని సభ్యులు సంతకం చేయాలి. సంతకానికి చాలామంది శాస్త్రజ్ఞులు ముందుకు రాలేదని భార్గవ తర్వాత బాధతో రాశారు. వృత్తిలో నియమాలను పాటించడం, జీవితమంతటికీ వాటినే కొలమానంగా తీసుకోవడం వేర్వేరు నిర్ణయాలన్నది ఆ నిరాకరణలో తేలిన సంగతి. మందుల పరిశోధనలో అసమాన కృషి చేసిన యల్లాప్రగడ సుబ్బారావు యవ్వనంలో రామకృష్ణ మఠంలో సన్యాసం తీసుకోవాలనుకున్నారు. ఆయన జీవరసాయనంలో ఆ విశ్వాసం ఎక్కడా అడ్డు రాలేదు.

2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని శాస్త్ర విషయంగా బోధించాలన్న యూజీసీ నిర్ణయాన్ని భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సవాలు చేశారు. అక్కడ కేసు కొట్టేశారు. 2004లో సుప్రీంకోర్టు కూడా, ఏ విషయం బోధించాలన్నది నిపుణుల సంస్థ పరిధిలోనిదని చెప్పి, అప్పీలును తోసిపుచ్చింది. గ్రహణ గణితం, జాతక ఫలం ఒకే పంచాంగంలో పక్కపక్కన అచ్చవుతున్నా, మొదటిది నిమిషాల లెక్కతో పరీక్షకు నిలిచింది; రెండోది నిలవలేదు. వనపర్తికి వెళ్లిన రఘునాథాచారి పంచాంగాన్ని ఆకాశంలో కనబడేదానికి సరిచేయాలని, అంటే దృగ్గణితాన్ని అనుసరించాలని తన కాలంలోనే పోరాడారు. ఏ తేదీన పండుగ చేసుకోవాలన్న తగాదా తెలుగు పంచాంగకర్తల మధ్య ఇప్పటికీ వస్తూనే ఉంది.

విశ్వారంభం

నియమాలు వెనక్కి తీసుకుపోగలిగినంత దూరం పోతే సుమారు 1,380 కోట్ల సంవత్సరాల క్రితం విశ్వం అత్యంత సాంద్రంగా, వేడిగా ఉంది. విశ్వం వ్యాకోచిస్తోందని సమీకరణాల నుంచి 1927లో రాబట్టి, 1931లో ఆది అణువు భావనను ప్రతిపాదించిన జార్జ్ లెమైటర్ బెల్జియం క్యాథలిక్ పూజారి. 1951లో పోప్ పన్నెండో పయస్ విశ్వారంభ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా ప్రశంసించినప్పుడు అందరికంటే ఇబ్బంది పడినవారు లెమైటరే. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు బయట ఉంటుందని ఆయన చెప్పేవారు. ఆది క్షణంలో దాదాపు 10కి -43 ఘాతం సెకన్ల కంటే వెనక్కి వెళితే సాపేక్ష సిద్ధాంతం, క్వాంటం సిద్ధాంతం రెండూ కలిసి పనిచేయాలి. అలాంటి సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు. అందువల్ల ఆ క్షణాన్ని లోకానికి ఆది అనడం కంటే, ఇప్పుడున్న నియమాల అంచు అనడం సబబు.

ఇంకో ప్రశ్న నియమాల్లోని అంకెల గురించి. కణ భౌతిక శాస్త్రపు ప్రామాణిక సిద్ధాంతంలో, న్యూట్రినోల ద్రవ్యరాశులను పక్కన పెట్టినా, కొలిచి తెచ్చి పెట్టాల్సిన రాశులు 19 ఉన్నాయి. 1953లో ఫ్రెడ్ హాయిల్ కార్బన్ కేంద్రకానికి 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక శక్తి స్థాయి ఉండి తీరాలని ముందే ఊహించారు. లేకపోతే నక్షత్రాల్లో ఇంత కార్బన్ తయారు కాదు. ప్రయోగంలో అది దొరికింది. అంకెలు కాస్త అటూఇటూ అయితే జీవం ఉండేది కాదన్న గమనికను కొందరు రూపకర్తకు ఆధారంగా చూపుతారు. వేరే అంకెలున్న విశ్వాలు లెక్కలేనన్ని ఉండి ఉంటే మనం బతకగలిగిన దాంట్లోనే మనం ఉంటాం కదా అని మరికొందరంటారు. ఆ ఇతర విశ్వాలనూ ఎవరూ చూడలేదు. రెండు పక్షాల్లోనూ తెలిసిన లోకంలోని వ్యాప్తిని లోకం బయటికి చాపుతున్నారు. అన్నంభట్టు కాలపు ప్రతిపక్షి అడిగిన ఉపాధి ప్రశ్నకు రూపకర్త వాదం ఎంత జవాబుదారో, బహువిశ్వ వాదమూ అంతే జవాబుదారు.

కుమారిల భట్టు చెప్పిన, ఎన్నడూ మొదలవని లోకాన్ని పోలిన చిత్రాన్ని హాయిల్, బోండీ, గోల్డ్ 1948లో స్థిరస్థితి సిద్ధాంతంగా ప్రతిపాదించారు. 1965లో పెంజియాస్, విల్సన్ విశ్వమంతటా పరచుకున్న సూక్ష్మతరంగ వికిరణాన్ని కనుక్కోవడంతో అది నిలవలేదు. అయినా ఆది లేని విశ్వం అన్న ఆలోచన మాసిపోలేదు. వేడి ఆది దశకు ముందు విశ్వం సంకోచించి తిరిగి వ్యాకోచించిందన్న చక్రీయ నమూనాలు, ఎప్పటికీ ఆగని అతివేగ వ్యాకోచ నమూనాలు నేడు పరిశోధనలో ఉన్నాయి. వీటిలో ఏది నిలిచినా ఈశ్వర పక్షానికి గాని, నాస్తిక పక్షానికి గాని దానంతట అదే గెలుపు తెచ్చిపెట్టదు: మొదలున్న లోకానికి కూడా కర్త లేడని నాస్తికుడు వాదించగలడు, మొదలు లేని లోకానికి సైతం క్షణక్షణం ఆధారమైన ఈశ్వరుడున్నాడని వేదాంతి చెప్పగలడు.